కుప్ప నడుమ నిప్పు

మా అన్న ఫైర్‌మన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినంత కాలం ఊళ్ళవాళ్ళ ఇళ్ళలో, గడ్డివాముల్లో, ఫ్యాక్టరీల్లో లేచిన పొగ మింగాడు. ఇంతా చేసి అతన్ని మంచాన పడేసింది మా సొంత తోటలో లేచిన పొగ. ఆ పొగ పెట్టినవాణ్ణి నేను. ఇది ముందే రాసేస్తే, అన్న బతుకు గురించి మిగిలింది రాసేటప్పుడు నా చెయ్యి కొంచెం నిలకడగా ఉంటుందేమోనని అనుకుంటున్నాను.

మాది బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట. పెద్దదేమీ కాదు. నాయన, అమ్మ, అన్న, నేను. తోటలో దిగుడుబావి ఉండేది. వేసవిలో తప్ప దాని అడుగు ఎవరికీ కనిపించేది కాదు. అమ్మ బిందె జారవిడిచినా, మోటారు గొట్టం మూతిలో చెత్త ఇరుక్కున్నా అన్నే దిగేవాడు. ముక్కు మూసుకుని మునిగితే, పైన నిలబడ్డ నాకు భయం పుట్టేంతసేపు లోపలే ఉండేవాడు. నేను అరవబోతుండగా తల పైకి తేల్చి, నా ముఖం చూసి నవ్వేవాడు. అంత ఊపిరి ఉండేది అతనికి.

పొడుగ్గా ఉంటాడు, పరుగెత్తుతాడు, ఈత వచ్చు. ఎవరో చెబితే ఫైర్ సర్వీసుకు దరఖాస్తు పెట్టాడు, ఎంపికయ్యాడు. నాయనకు ఇష్టం లేదు. పెద్ద కొడుకు తోట చూసుకుంటాడనీ, నేను చదువుకుని ఆఫీసు ఉద్యోగం చేస్తాననీ ఆయన లెక్క.

"నిప్పార్పేది కూడా ఒక ఉద్యోగమేందిరా? మీయమ్మ దినామూ పొయ్యి ఆర్పతా ఉండాది, ఆమెకెవురన్నా జీతమిస్తా ఉండారా?" అన్నాడు నాయన.

అన్న నవ్వేసి పెట్టె సర్దుకున్నాడు. ఆ తర్వాత చాలాకాలం అమ్మ పొయ్యి ఆర్పినప్పుడల్లా నాయన ఆ మాటే తిప్పి తిప్పి అనేవాడు, మొదట కోపంగా, తర్వాత తర్వాత కొడుకు గుర్తొచ్చి. నేను చదువు పూర్తి చేయలేదు. తోట నా చేతికి వచ్చింది. అన్నకు నెలనెలా జీతం, యూనిఫారం, నాకు మట్టి చేతులు. ఆ కుళ్ళు నాలో చాలా ఏళ్ళు ఉంది. పైకి ఎప్పుడూ అనలేదు గాని, ఉంది.

మొదటి పోస్టింగు చిత్తూరు. అప్పట్లో ఎండాకాలం వచ్చిందంటే పల్లెల నుంచి వరసగా కాల్స్ వచ్చేవట. వాములు, చెరకు తోటలు, బెల్లం వండే కొట్టాలు. ఫైరింజను పోయేసరికి సగం కాలిపోయి ఉండేది. ఊళ్ళోవాళ్ళు ముందు తిట్టేవాళ్ళు, తర్వాత నీళ్ళు మోసేవాళ్ళు. "మంట సూసేదానికి వచ్చినారా అప్పా, కూసోండి, కాఫీ తాగి పోదురు" అనే ఎగతాళి అన్నకు కంఠతా వచ్చు. ఇంటికొచ్చినప్పుడు ఆ గొంతుల్ని అనుకరించి చెప్పేవాడు. అమ్మ నవ్వేది. ఆ తిట్లకు తాము ఏం బదులు చెప్పారో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండరు.

నేనొకసారి అతని పని కళ్ళారా చూశాను. పూతలపట్టు దారిలో ఒక పల్లెలో నా స్నేహితుడి పెళ్ళికి పోయి ఉన్నాను. పక్క వీధిలో వామి అంటుకుంది. వచ్చిన ఇంజనులో అన్న ఉన్నాడు. దిగీ దిగగానే పిడికెడు దుమ్ము తీసి వదిలి గాలి ఎటు ఉందో చూశాడు. ఇంటి వైపు కాదని తేల్చుకున్నాక గొట్టం పరిచారు. కాసేపటికే మంట అణిగిపోయింది. పైన నల్లగా తడిసిన గడ్డి, తెల్లటి ఆవిరి. చుట్టూ చేరినవాళ్ళు అంతా అయిపోయిందనుకున్నారు. అప్పుడు అన్నా, ఇంకొకాయనా కొంకి కట్టెలు తీసుకుని ఆ వామిని విప్పడం మొదలుపెట్టారు.

రైతు అడ్డం పడ్డాడు. మంట ఆరింది గదా, మిగిలిన కసువన్నా మిగలనీయండి, గొడ్లు ఏం తింటాయి అని చేతులు పట్టుకున్నాడు. అన్న ఆయనతో వాదించలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, మెల్లగా, వెనక్కి తిప్పి, వామి లోపలికి పెట్టించాడు. ఆయన చటుక్కున చెయ్యి లాక్కున్నాడు.

"నిప్పు నడుమ ఉండాది అప్పా. పైన తడిపితే అది లోపలికి పోయి కూసుంటుంది. మేము పోయినాక లేస్తుంది" అన్నాడు అన్న.

పూటంతా విప్పారు. పొర పొరకూ తడి, పొర పొరకూ చెయ్యి. అరచేతితో కాదు, చేతి వెనకవైపుతో. అరచేతికి పని చేసి చేసి తోలు మొద్దుబారిపోయి ఉంటుందనీ, వేడి తెలిసేది వెనకవైపుకేననీ తర్వాత నాకు చెప్పాడు. పెళ్ళి భోజనానికి రమ్మని పిలిస్తే, ఇది వదిలి రాకూడదు అన్నాడు. ముఖమంతా మసి. మెడకు చుట్టుకున్న తడి తువ్వాలు ముక్కు దగ్గర మాత్రం నల్లగా ఉంది. ఊపిరికి వాళ్ళకున్నది ఆ తువ్వాలే. వీపుకు తగిలించుకునే గాలి డబ్బాలు స్టేషన్లో ఉన్నా అవి పెద్ద మంటలకని అట్టిపెట్టేవాళ్ళట. వామికి ఎవరు తగిలించుకుంటారు?

పెళ్ళిలో వాళ్ళు అడిగితే ఆయన మా అన్నేనని గర్వంగా చెప్పాను. కాని ఊళ్ళో అన్న గురించి నేను మాట్లాడే తీరు వేరు. బావుల్లో పడి చనిపోయినవాళ్ళను తీయడానికి కూడా ఫైర్‌వాళ్ళనే పిలుస్తారు. ఈత వచ్చినవాడు కాబట్టి దిగే పని ఎక్కువగా అన్నకే పడేది. పొలం గట్టు మీద ఎవరన్నా అడిగితే, మా అన్నది శవాలు ఎత్తే ఉద్యోగం అని నవ్వేవాణ్ణి. ఒకసారి అట్లాంటి పని నుంచి నేరుగా ఇంటికి వచ్చాడు. అమ్మ వెనక వాకిట్లో నీళ్ళు పోసింది. అది ఆచారం, తప్పు పట్టను. నేను మాత్రం ఆ పూట అన్న పక్కన కూర్చుని తినలేదు. ఆకలి లేదని చెప్పి తోటలోకి పోయాను. అన్నకు తెలుసు. మరుసటి పూట నా విస్తరి తనే పక్కన వేసి, "రారా చిన్నోడా, ఈరోజు బావిలో దిగలేదులే" అన్నాడు. ఆ మాటకు నేను నవ్వాను కూడా.

నా పెళ్ళి సంబంధాలప్పుడు మాత్రం అన్న గవర్నమెంటు ఉద్యోగి అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను.

అన్నకు పెళ్ళయింది. వదిన నెమ్మదస్తురాలు. పిల్లలు కలగలేదు. చిత్తూరులో స్టేషన్ వెనక క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు పోతే, తినే ముద్ద వదిలేసి గంట వినిపించిన వైపు పరుగెత్తేవాడు. వదిన కంచం మీద మూతపెట్టి, నాతో ఏమీ జరగనట్టే మాట్లాడుతూ ఉండేది. తిరుపతికి బదిలీ అయ్యాక బ్రహ్మోత్సవాలప్పుడు కొండ మీద డ్యూటీలు పడేవి. అన్నేళ్ళు అక్కడ ఉన్నావు గదా, వాహనం దగ్గర నుంచి చూశావా అని అమ్మ అడిగితే, "యాడమ్మా. దేవుడు మా ఈపు పక్క పోతా ఉంటాడు, మేము కరెంటు తీగలు సూస్తా ఉంటాము" అన్నాడు. అమ్మ చెంపలు వేసుకుంది.

వదిన తిరుపతిలోనే జబ్బు చేసి పోయింది. అన్న మళ్ళీ చిత్తూరుకు అడిగి వేయించుకున్నాడు. ఆ తర్వాతే, హైవే పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆవరణలో ప్లాస్టిక్ క్రేట్లు అంటుకున్నాయి. తోటల నుంచి కాయలు వేసి పంపే క్రేట్లు, మనిషి మీద మనిషి నిలబడినంత ఎత్తున పేర్చినవి. పొద్దున మొదలుపెడితే పొద్దు గుంకేదాకా ఆర్పారు. నల్లటి పొగ మా తోట దాకా కనిపించింది. నేను గట్టెక్కి చూస్తూ, మన క్రేట్లు కూడా పోయినట్టే అని పక్క తోటాయనతో అన్నాను. ఆ పొగ కింద అన్న ఉన్నాడని తెలుసు. ముందు గుర్తొచ్చింది క్రేట్లు.

ఆ ఏడు మొదలైన దగ్గు తగ్గలేదు. మందులు మింగుతూనే రిటైర్మెంటు దాకా లాగాడు. అప్పటికి అమ్మా నాయనా లేరు. చివరి రోజు పూలదండ వేసి, శాలువా కప్పి, ఫైరింజనులోనే తోటకు తీసుకొచ్చి దింపారు. ఊరి పిల్లలు ఇంజను ఎక్కి దిగారు. అన్న దాని చక్రం మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డాడు. వాళ్ళు పోయాక కుర్చీలో కూర్చుంటే, దండ బరువుకే ఆయాసపడుతున్నట్టు కనిపించాడు.

తిరుపతిలో పెద్ద ఆసుపత్రిలో చూపించాం. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని, పోయిన భాగం తిరిగి రాదని, ఉన్నది నిలుపుకోవడమే మిగిలిందని డాక్టరు చెప్పాడు. దుమ్ము, పొగ తగలకుండా ఉంటే కొన్నేళ్ళు బాగానే ఉండవచ్చు అన్నాడు. చిత్తూరు టౌనులో బస్సుల పొగ. తిరుపతిలో అంతకంటే ఎక్కువ. అందుకని తోటలోనే, మా ఇంటికి కాస్త ఎడంగా మోటారు కొట్టం పక్కన ఒక గది వేయించుకున్నాడు. తూర్పు వైపు పెద్ద కిటికీ పెట్టించాడు. ఆ రోజు నన్ను పిలిచి ఒకే మాట అడిగాడు.

"చిన్నోడా, నాకు కూడూ గుడ్డా నువ్వు చూడక్కర్లేదు. తోటలో ఆకు కాల్చొద్దు. పొగ ఒకటి లేకపోతే నేనింకా శానా దినాలు ఉంటాను."

కాల్చను అన్నాను. మా ఆవిడ ముందర, అన్న చెయ్యి పట్టుకుని అన్నాను.

మామిడి తోటలు లేనివాళ్ళకు ఇది చిన్న మాటగా తోచవచ్చు. చలికాలం చివర పూత వస్తుంది. ఆ పూత మీద తేనెమంచు పురుగు వాలుతుంది. సాయంత్రం పూట చెట్ల కింద రాలిన ఆకులు ఊడ్చి, గాలివాటు చూసి కుప్ప పెట్టి, సగం పచ్చి సగం ఎండుగా కాలిస్తే పొగ మెల్లగా పూత గుండా పోతుంది, పురుగు లేచిపోతుంది. నాయన అట్లాగే చేశాడు. మా పక్కన తోటలన్నీ అట్లాగే చేస్తాయి. మందు కొట్టినా సరే, పొగ పెట్టకపోతే రైతుకు మనసొప్పదు. ఆకు కాలకుండా పడి ఉన్న తోట మా కంటికి ఊడ్వని వాకిలిలాగా కనిపిస్తుంది.

మొదటి ఏడు మాట నిలబెట్టుకున్నాను. ఆకులన్నీ గుంట తీసి పూడ్చాను. అన్న కర్ర పట్టుకుని చెట్ల మధ్య తిరిగేవాడు. పూత రాలిందంటే పొగ లేకనేనేమో అని నాకు లోపల సణుగుడు. ఏ ఏడైనా కొంత రాలుతుంది. అన్నకు అది తెలుసు, నాకూ తెలుసు. అయినా రాలిన ప్రతి పూతకూ అన్నను లెక్కలోకి తీసుకున్నాను. రెండో ఏడు పూత విరగపూసింది, పురుగూ అట్లాగే వచ్చింది. పక్క తోటల్లో సాయంత్రమైతే పొగ లేచేది. అన్న కిటికీ మూసుకునేవాడు. వాళ్ళను కాల్చొద్దని చెప్పే హక్కు తనకు లేదనేవాడు.

ఆ రోజు అన్నకు తిరుపతిలో చూపించుకునే రోజు. ఎప్పుడూ నేనే తీసుకుపోయేవాణ్ణి. కూలీలు వస్తున్నారని చెప్పి మా ఆవిడను తోడిచ్చి బస్సెక్కించాను. కూలీలు ఎవరూ రాలేదు. బస్సు పోయిన వెంటనే ఆకులు ఊడ్చి కుప్ప పెట్టి అంటించాను. వాళ్ళు వచ్చేసరికి వాసన కూడా పోతుందని నా ధైర్యం. మధ్యాహ్నం దాటాక బిందెలతో నీళ్ళు పోశాను. పైన బూడిద తడిసి నల్లబడింది, ఆవిరి లేచి ఆగింది. ఆరింది అనుకున్నాను. వామి విప్పే మనిషికి తమ్ముణ్ణి నేను. ఒక్కసారి కట్టె తీసుకుని ఆ కుప్పను కదిలించలేదు. ఎందుకంటే కదిలిస్తే బూడిద చెదిరి, కాల్చిన గుర్తు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. పైన నాలుగు పచ్చి కొమ్మలు కప్పాను.

సాయంత్రం బస్సు దిగి గేటు దగ్గరే అన్న ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఏమన్నా కాల్చినావా?"

"నేనెందుకు కాలుస్తానన్నా. పక్క తోటోళ్ళు" అన్నాను.

ఇంకేమీ అడగలేదు. మందులు బాగానే పనిచేస్తున్నాయని డాక్టరు అన్నాడని మా ఆవిడ చెప్పింది. అన్న తిని పడుకున్నాడు. నేనూ నిశ్చింతగా పడుకున్నాను.

మరుసటి రోజు పొద్దున పురుగు మందు కోసం బంగారుపాళ్యం పోయాను. ఆ లోపల గాలి తిరిగింది. కుప్ప అడుగున దాక్కున్న నిప్పు పచ్చి కొమ్మలను అందుకుంది. మంట లేదు, పొగే. పచ్చి మామిడాకు పొగ ఎట్లా ఉంటుందో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. అది నేరుగా అన్న గది వైపు కమ్మింది. మా ఆవిడ పరుగెత్తుకుని పోయి, కిటికీ మూసి లోపలే ఉండమని చెప్పిందట. అన్న అప్పటికే తువ్వాలు తడిపి ముఖానికి కట్టుకుంటున్నాడట. నేను పోస్తాను, నువ్వు వద్దు బావా అని ఆమె బతిమాలితే, నువ్వు నీళ్ళు తేమ్మా, పోసేది నేను చెప్తాను అన్నాడట.

నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. కుప్పను పొర పొర విప్పి, చాప పరిచినట్టు పరిచి ఉంది. ఎక్కడా ఒక్క నిప్పురవ్వ లేదు. దాని పక్కన నేల మీద అన్న కూర్చుని ఉన్నాడు, ఆకులు లాగే దంతె పక్కన పడేసి. ముఖానికి కట్టిన తువ్వాలు ముక్కు దగ్గర నల్లగా ఉంది. చేతి వెనకవైపు బూడిద మీద ఆనించి చూస్తున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"పక్క తోటోళ్ళు," అని ఊపిరి తీసుకున్నాడు. "మన తోటలోకి వచ్చి కాల్చి, పైన మన కొమ్మలే కప్పి పోయినారా?"

అతను నవ్వబోయాడు, దగ్గు వచ్చింది.

"కప్పేముందు విప్పాల గదరా. ఎన్ని తూర్లు చెప్పినాను నీకు."

కాల్చినందుకు కాదు, అబద్ధానికి కాదు. సరిగ్గా ఆర్పనందుకు తిట్టాడు. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

చిత్తూరు ఆసుపత్రి, అక్కడి నుంచి తిరుపతి. ఊపిరితిత్తుల్లో మిగిలి ఉన్న భాగం కూడా దెబ్బతిన్నదన్నారు. ఇక ఆక్సిజన్ మీదే ఉండాలన్నారు. తోటకు పోదామని అన్న రోజూ అడిగాడు. ఆక్సిజన్ యంత్రానికి కరెంటు ఆగకుండా ఉండాలి. మా తోట లైనులో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. కుదరదని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆసుపత్రికి దగ్గరలో ఒక గది అద్దెకు తీసుకుని అక్కడ పెట్టాం. మా ఆవిడా నేనూ వంతులవారీగా ఉన్నాం. బావిలో మునిగి నన్ను భయపెట్టినవాడు మంచం మీద నుంచి స్నానాల గదికి పోయి రావడానికి రెండు చోట్ల ఆగేవాడు.

ఒకరోజు సాయంత్రం కిటికీలో నుంచి చూస్తే కొండ మీద ఎక్కడో అడవి అంటుకుని సన్నటి ఎర్ర గీత కనిపించింది. అన్న దిండుకు ఆనుకుని అదే పనిగా చూశాడు. "పైకి పోతా ఉండాది. గాలి కిందినుంచి ఉండాది" అన్నాడు. అక్కడికి ఎవరు పోయి ఉంటారో, ఏ దారిన ఎక్కి ఉంటారో చెప్పుకుంటూ పోయాడు. నేను అప్పుడు అడిగాను. ఆ రోజు కిటికీ మూసుకుని లోపల ఎందుకు ఉండలేదు, నేను వచ్చి ఆర్పేవాణ్ణి గదా అని.

కొండ మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "నిప్పుండాదని తెలిసినాక లోపల ఎట్ల కూసుంటారురా?"

నన్ను క్షమించావా అని అడగాలని వచ్చింది. అడిగితే క్షమించాననే అంటాడు. ఆ మాట అతని చేత చెప్పించుకోవడానికి కూడా అతని ఊపిరే ఖర్చు కావాలి. అడగలేదు. అది మంచితనమని ఇప్పుడు అనుకోను. ఏమంటాడోనన్న భయమూ ఉంది అందులో.

రోజూ పొద్దున లేవగానే "గాలి యాడినుంచి ఉండాది?" అని అడిగేవాడు. నేను బయటికి పోయి చూసి వచ్చి చెప్పేవాణ్ణి. తోటలో కాయ దిగిన రోజులకు అడగడం కూడా మానేశాడు. వానలు పడే ముందు, ఒక పొద్దున, నేను చెయ్యి పట్టుకుని ఉండగానే పోయాడు. ఏదో చెప్పబోయాడు. నీళ్ళనుకుని గ్లాసు అందించాను. నీళ్ళు కాదు. ఏమిటో తెలియలేదు.

తోటలోనే దహనం చేశాం. చిత్తూరు నుంచి అన్నతో పనిచేసినవాళ్ళు కొందరు వచ్చారు. అందరూ నెరిసిన తలలే. వాళ్ళలో ఒకాయన కూడా దగ్గుతూనే ఉన్నాడు. ఆయన నన్ను పక్కకు తీసుకుని భుజం మీద చెయ్యేశాడు.

"నీ గురించి ఎప్పుడూ చెప్పేవాడప్పా. మా తమ్ముడు నాకోసం తోటలో ఒక ఆకు కాల్చడు అని. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఫోన్ చేసి అడిగినాము, ఎట్ల జరిగింది అని. పక్క తోటోళ్ళు కాల్చినారు, పొగ వచ్చింది అన్నాడు."

ఆయన అంటూ అంటూ నా వెనక నిలబడి ఉన్న, ఇందాక నేనే పరిచయం చేసిన పక్క తోటాయన వైపు చూశాడు. మిగతావాళ్ళూ చూశారు. పక్క తోటాయన తల దించుకున్నాడు. ఏదో ఒక రోజు తాను పెట్టిన పొగే అయి ఉంటుందని ఆయన కూడా నమ్మాడు. గేటు దగ్గర నేను ఆడిన అబద్ధాన్ని అన్న మోసుకుపోయి, నా పరువు కోసం తనవాళ్ళ దగ్గర పెట్టాడు. అది అక్కడ, ఆ మనిషి నెత్తిన వచ్చి పడింది. నేను నోరు తెరవవచ్చు. చితి ఎదురుగా ఉంది, నా నోట్లో మాట ఉంది. తెరవలేదు. వచ్చినవాళ్ళకు కాఫీలు ఇవ్వమని మా ఆవిడకు చెప్పాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇంకా పోలేదు.

పాలు పోసే రోజు బూడిద పైన చల్లగానే ఉంది. చేతి వెనకవైపు పెట్టి చూశాను. లోపల ఇంకా వేడి ఉంది. పురోహితుడు తొందరపడుతుంటే ఇంకొన్ని నీళ్ళు తెప్పించి, పొర పొర కదిపి, చల్లారిందని చెయ్యి చెప్పాకే ఎముకలు ఏరనిచ్చాను. అన్న నేర్పిన పని ఒక్కసారి సరిగా చేశాను. చేయవలసిన రోజు చేయలేదు.

కొన్ని నెలలు పోయాక పక్క తోటకు పోయి ఆయనతో ఉన్నది చెప్పాను. పొగ పెట్టింది నేను, అబద్ధం చెప్పింది నేను అని. ఆయన చెట్టుకు ఆనుకుని విన్నాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా సరే అనుకున్నాను.

"పోనీలే అబ్బా. నువ్వు కాకపోతే నేను. నేనూ కాలుస్తానే ఉంటాను గదా" అన్నాడు. చిత్తూరు వాళ్ళకు ఫోన్ చేసి చెప్పాలా అని అడిగితే, ఇప్పుడు చెప్పి ఎవరిని లేపుతావు అన్నాడు. అయినా నేను ఫోన్ చేశాను. భుజం మీద చెయ్యేసిన పెద్దాయన కూడా అప్పటికి లేడట. వాళ్ళ కోడలు చెప్పింది.

ఈ ఏడు కూడా పూత వచ్చింది. మా తోటలో ఆకు కాల్చను. గుంటల్లో పూడుస్తాను, చెద పడుతుంది, పడనీ. ఎవరికోసం మానానో ఆ మనిషి లేడు. సాయంత్రమైతే పక్క తోటల్లో పొగ లేస్తుంది. ఆయనా మానలేదు, నేను మానమని అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు. పొగ మెల్లగా చెట్ల కింద పాకి, మోటారు కొట్టం దాటి, అన్న గది దగ్గరికి వస్తుంది. గదిలో మంచం, మడిచిన దుప్పటి తప్ప ఏమీ లేవు. పొద్దున మా ఆవిడ గాలి ఆడాలని తూర్పు కిటికీ తెరిచి పెడుతుంది. సాయంత్రం గాలి ఎటు ఉందో చూసుకుని, నేను పోయి దాన్ని మూసి వస్తాను.